అక్క ఎందుకు నవ్వింది?

జూలై 3

ఒరేయ్ నత్తా,

ఫోను చేస్తే ‘ఊ’, ‘ఆ’, ‘సరే అక్కా’ అంటావు. ఈ మూడు ముక్కల కోసం ఫోను చేయడమెందుకు, గోడతో మాట్లాడుకుంటే పోలేదా? అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద ‘ఊ’ అని రాసి కవరు అంటించడానికి నీకైనా సిగ్గేస్తుంది కదా.

కొత్త స్కూలు ఎలా ఉంది? గది దొరికిందా? వండుకుంటున్నావా, బిస్కెట్లతో కానిచ్చేస్తున్నావా? నేను ఇల్లు మారాను. మూడో అంతస్తు. వంటగది కిటికీలోంచి కింద వీధీ, బస్టాపూ కనబడతాయి. ఆఫీసు నుంచి వచ్చి, స్టవ్వు వెలిగించి, ఆ కిటికీ దగ్గర నిలబడతాను. బస్సు ఆగుతుంది, జనం దిగుతారు, ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. మా ఇంటికి వచ్చే మనిషి అందులో ఎవరూ ఉండరని తెలుసు. అయినా అందరూ దిగేదాకా చూస్తాను. ఇదేం పిచ్చో నాకే తెలియదు.

అమ్మ బీరువా ఇక్కడికే తెచ్చుకున్నాను. మెట్ల మలుపులో ఇరుక్కుపోయి, మోసేవాళ్ళ చేత మన వంశాన్నంతా తిట్టించింది. అమ్మ పోయి రెండేళ్ళయినా తలుపు తీస్తే ఇంకా కొత్త గుడ్డల వాసనే. కుట్టమని జనం ఇచ్చిన బట్టలన్నీ అమ్మ అందులోనేగా పెట్టేది. కత్తిరింపు ముక్కలు కుక్కే ఆ కింది అర గుర్తుందా? బీరువా నీకే ఇవ్వాలని నా మనసులో ఉంది. ఊ అంటే చాలు, లారీ మీద పంపిస్తాను. ఈ ఒక్క విషయంలో ‘ఊ’కి అనుమతి ఉంది.

నా పని మామూలే. పరీక్షల ఆఫీసులో కాగితాల మధ్య నేనూ ఒక కాగితాన్ని.

నీ జవాబు కోసం కాచుక్కూర్చున్న
అక్క

*

జూలై 20

అక్కా,

‘ఊ’ అని రాయడం లేదు, చూసుకో.

గది దొరికింది. సైకిళ్ళ షాపు మీద. పొద్దున షట్టరు తీసే చప్పుడుకి లేస్తాను, రాత్రి షట్టరు దించాక ఇక చప్పుడే ఉండదు. ఒక్కడికి వండుకోవడం చేతకావడం లేదు. ఎంత తక్కువ వేసినా ఇద్దరికి సరిపడా అవుతుంది, రెండో పూట కూడా అదే తింటాను.

నాకు రెండో తరగతి ఇచ్చారు. పిల్లలు బంగారం. నా మెడలో మాత్రం స్టాప్‌వాచీ వేలాడదీశారు. నవ్వకు. ప్రతి వారం ఒక్కొక్కరినీ పిలిచి నిమిషంలో ఎన్ని మాటలు చదివారో లెక్కపెట్టాలి. ఆ లెక్క గోడ మీద పట్టికలోకి ఎక్కుతుంది. వేగంగా చదివినవాళ్ళ పేరు మీద ఆకుపచ్చ రంగు, మధ్యవాళ్ళకి పసుపు, వెనకబడినవాళ్ళకి ఎరుపు. జనవరిలో అన్ని స్కూళ్ళకీ కలిపి పెద్ద పరీక్ష ఉంది. అందులో చిన్న కథ చదివి, ప్రశ్నకి నాలుగు జవాబుల్లో ఒకదాని మీద టిక్కు పెట్టాలి. స్కూలు పరువంతా ఆ టిక్కుల మీదే నడుస్తుందని మా పెద్ద మేడమ్ రోజుకోసారి గుర్తు చేస్తారు.

క్లాసులో బస్సు కండక్టరు కూతురు ఒకతి ఉంది. రెండు వాక్యాలు చదివి ఆగిపోతుంది. “మాస్టారూ, ఈ కుక్కపిల్ల తప్పిపోయింది కదా, మరి రాత్రి ఎక్కడ పడుకుంటుంది?” అంటుంది. నేను ఆలోచించేలోపు నిమిషం అయిపోతుంది. ఆ పిల్ల పేరు మీద ఎప్పుడూ ఎరుపే. దాని పక్కన కూర్చునే కుర్రాడు మాత్రం ఊపిరి తీయకుండా పేజీ లాగించేస్తాడు, వాడికి ఆకుపచ్చ. కథ దేని గురించిరా అంటే గుడ్లు మిటకరిస్తాడు. ఈ సంగతి మేడమ్‌తో అంటే, “అర్థం తర్వాత చూసుకుందాం మాస్టారూ, ముందు వేగం రానివ్వండి” అన్నారు.

ఒక్క ఆఖరి పీరియడు మాత్రం నాది. పుస్తకాల గదికి తాళం వేసి ఉంటుంది, చిరిగిపోతాయట. అందుకని కథలు నేనే చెబుతాను. అమ్మ మిషను కథలూ, మన ఇంటి కథలూ. అప్పుడు వాచీ తీసి సొరుగులో పెట్టేస్తాను. నాకు రోజంతటిలో మనుషుల మధ్య ఉన్నట్టు అనిపించేది ఆ కాసేపే.

బీరువా నాకొద్దు. చోటు లేదు. అమ్మేసెయ్యి.

తమ్ముడు

*

ఆగస్టు 6

నత్తగారికి,

అంత పెద్ద ఉత్తరం రాసి, చివర్లో అమ్మేసెయ్యి అని ఒక్క ముక్కతో తేల్చేశావు. చోటు లేదంటే అర్థం చేసుకుంటాను. ‘నా కోసం ఉంచు’ అని ఒక మాట రాస్తే నీ సొమ్మేం పోయింది? ఇల్లు ఖాళీ చేసిన రోజు కూడా ఇంతే. మిషను ముట్టుకుని చూశావు, గోడలు చూశావు, బీరువా వైపు కన్నెత్తి చూడలేదు. సరేలే. దాన్ని అమ్మను. నాకేం బరువు కాదు.

నీ మెళ్ళో స్టాప్‌వాచీ అనగానే నాకు నవ్వాగలేదు, ఆ తర్వాత ఏడుపొచ్చింది. వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం దగ్గరా మకాం వేసేవాడివి. నీకు నత్త అని పేరు పెట్టింది అందుకేగా. నువ్వు వాక్యం మొదలుపెడితే అమ్మ మిషను తొక్కడం ఆపేసేది. వాక్యం పూర్తయ్యేదాకా కాలు కదిపేది కాదు. ఎవరో వచ్చి “నా బట్టలేవీ?” అని అరిచినా, “కాస్త ఉండండి, మావాడు చదువుతున్నాడు” అనేది. ఆ పిల్లకి కూడా మిషను ఆపేవాళ్ళు ఎవరో ఒకరు కావాలి. నువ్వున్నావు కదా.

ఒంటరిగా ఉన్నానని రాయకుండా రాశావు. నాకు తెలుస్తుందిరా.

అక్క

*

అక్టోబరు 11

అక్కా,

ఇన్నాళ్ళు రాయనందుకు తిట్టుకో. ఇక్కడ తల ప్రాణం తోకకి వస్తోంది.

నమూనా పరీక్ష పెట్టారు. నా క్లాసు అడుగున ఉంది. మేడమ్ పిలిచి కూర్చోబెట్టి, చాలా మర్యాదగానే చెప్పారు. జనవరిలో కూడా ఇలాగే వస్తే ఆఖరి పీరియడు కథలు బంద్, ఆ టైములో కూడా వాచీయే. క్లాసు ఇంకొకరికి ఇచ్చి నన్ను రిజిస్టర్లు రాయడానికి ఆఫీసు గదిలో కూర్చోబెడతారు. “మీరు మంచివారే మాస్టారూ, కానీ మంచితనానికి మార్కులు లేవు” అన్నారు. పాపం ఆవిడ నెత్తి మీద కూడా ఎవరో కూర్చున్నారు.

అక్కా, ఈ క్లాసు పోతే ఈ ఊళ్ళో నాకింకేమీ లేదు. సైకిళ్ళ షాపు షట్టరు తప్ప.

నమూనా కథ చదివాను. ఒక అబ్బాయి పెన్సిలు కొంటాడు. జాగ్రత్తగా దాచుకుంటాడు. అయిపోయింది. ప్రశ్న: అబ్బాయి ఏం కొన్నాడు? కండక్టరు కూతురు కాగితం తిప్పి వెనక కూడా చూసింది, మిగతా కథ అక్కడుందేమోనని. ఈ కథలు రాసే మహానుభావులు జన్మలో ఒక్క పిల్లనైనా దగ్గర్నుంచి చూసుంటారా? రాళ్ళు నయం. వాళ్ళు మీ ఆఫీసులోనే ఉంటారుగా. కవర్లు అంటించే పని అయ్యాక నువ్వు వరండాలో వెళ్ళేటప్పుడు కనబడితే నా తరఫున గట్టిగా ఓ మొట్టికాయ వెయ్యి.

తమ్ముడు

*

అక్టోబరు 25

తమ్ముడికి,

మొట్టికాయ వేశాను. నొప్పి పుట్టిందట.

వాళ్ళకి కూడా తిప్పలుంటాయి. ఇన్ని మాటలు దాటకూడదు, ఎవరి మనసూ నొచ్చుకోకూడదు, ఏ ఊరి పిల్లకైనా అర్థం కావాలి, జవాబు ఒక్కటే ఉండాలి. అన్నీ తీసేస్తూ పోతే చివరికి పెన్సిలు మిగులుతుంది. సాయంత్రం ఇంటికెళ్తే వాళ్ళకి కూడా పలకరించే దిక్కు ఉందో లేదో. రాళ్ళని ఎలా తెలుసు నీకు?

ఈసారి ఎవరైనా మంచి కథ రాస్తారేమో. ఎవరు చూడొచ్చారు.

ఒంట్లో బాగుంది. పని ఉంది.

అక్క

*

జనవరి 19

అక్కా,

పోయిన ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. అంత పొడిగా రాశావు, నా గోల వినే ఓపిక నీకు లేదేమో అనుకున్నాను. ఇప్పుడు మాత్రం రాయక తప్పడం లేదు, కోపంగానే రాస్తున్నాను.

మొన్న పెద్ద పరీక్ష అయింది. పరీక్ష గదిలోకి సొంత మాస్టార్లను రానివ్వరు. నేను వరండా చివర నిలబడ్డాను. గంట కొట్టగానే పిల్లలంతా తేనెటీగల్లా నన్ను చుట్టుముట్టేశారు.

“మాస్టారూ, మీ కథ వచ్చింది!”

“బీరువా కథ మాస్టారూ! మీరు దాక్కున్నారు చూడండీ, అదీ!”

“అందులో తప్పు రాశారు మాస్టారూ. కానీ మేం తెలివిగా నిజమే పెట్టాం!”

వెనక్కి తిరిగాను. వెనకే మేడమ్ ఉన్నారు. అన్నీ విన్నారు.

ఆ కథ నేను క్లాసులో చెప్పిన మాట నిజమే. దాగుడుమూతల్లో నేను బీరువా కింది అరలో, గుడ్డ ముక్కల్లో దాక్కోవడం, అక్కడే నిద్రపోవడం, లేచి చూస్తే చీకటి పడి ఉండటం, ఇంట్లో ఎవరూ లేకపోవడం. అమ్మ మిషను స్టూలు నేనెక్కి కిటికీలోంచి చూస్తే, కింద దీపస్తంభం దగ్గర నువ్వు ఆడపిల్లలతో నిలబడి నవ్వుతూ ఉండటం. ఆటలో పడి నన్ను మరిచిపోవడం. ఇవన్నీ చెప్పాను. నీ మీద చాడీగా కాదు, నవ్వు పుట్టించేలాగానే చెప్పాను. కండక్టరు కూతురు ఒక్కతే నవ్వలేదు. “ఆ అక్క ఎందుకు నవ్వింది మాస్టారూ?” అని మూడుసార్లు అడిగింది. “ఆడుకుంటూ నవ్వింది, కూర్చో” అన్నాను.

ఇప్పుడు తనిఖీ ఆయన వచ్చి నా ఎదురుగా కూర్చుని, “పరీక్ష కథ మీకు ముందే ఎలా తెలిసింది?” అంటున్నాడు. ఏం చెప్పను? అది నా చిన్నతనమండీ అంటే ఎవరు నమ్ముతారు? నా క్లాసు పిల్లల్ని వదిలేస్తే, ఆ బీరువా సంగతి లోకంలో నీకూ నాకూ తప్ప తెలియదు. ఆఫీసులో టీ తాగుతూ ఎవరికో సరదాకి చెప్పి ఉంటావు. వాళ్ళు దాన్ని తీసుకెళ్ళి పరీక్షలో పెట్టారు. నాకు మిగిలిన ఒక్క క్లాసూ దాంతో పోయేలా ఉంది.

బీరువా ఎందుకు వద్దన్నానో ఇప్పుడైనా అర్థమైందా?

తమ్ముడు

*

ఫిబ్రవరి 2

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చాక చాలా రోజులు కలం పట్టుకోలేకపోయాను. నిదానంగా చదువు. నువ్వు ఎలాగూ నిదానంగానే చదువుతావు.

నేను ఎవరికీ చెప్పలేదురా. ఆ కథ రాసింది నేనే.

కవర్లు అంటించే పని అని నువ్వనుకున్నావు, నేను కాదనలేదు. కథలు రాసేవాళ్ళు ఇంట్లో కూడా చెప్పకూడదు, అదీ రూలు. పెన్సిలు కథ కూడా నాదే. మొట్టికాయ నా నెత్తి మీదే పడింది. రాళ్ళు నయం అన్న మాట కూడా నాకే తగిలింది. ఆ రాత్రి అనుకున్నాను, ఒక్కసారి నిజమైన కథ రాద్దామని. ఏదీ తోచలేదు. బీరువా తలుపు తీసి ముందు కూర్చున్నాను. కింది అర చూడగానే కథ దానంతటదే వచ్చేసింది. తెలిసినవాళ్ళ సంగతులు రాయకూడదని ఇంకో రూలుంది. నువ్వు చదివితే మురిసిపోతావనుకుని రాసేశాను.

ఆఖరి ప్రశ్న కూడా నేనే రాశాను. ‘అక్క ఎందుకు నవ్వింది?’ మాకు తప్పు జవాబులు రాయడం కూడా పనే. పిల్లలు నమ్మేలా, నిజంలా ఉండాలి. తమ్ముడు కనబడ్డాడని, ఇది సరైనది. మూడో గడిలో పెట్టే తప్పుకి ఏమీ తోచక ‘ఆటలో పడి తమ్ముణ్ణి మరిచిపోయింది’ అని రాశాను. ఇంత అన్యాయమైన మాట ఏ పిల్లా నమ్మదులే అని నవ్వుకుంటూ రాశానురా.

పోయిన నెల మా పెద్దాయన ఒక కట్ట తెచ్చి నా బల్ల మీద పడేశాడు. “ఈ విచిత్రం చూడండి. క్లాసు క్లాసంతా ఒకే జవాబు. ఆ మాస్టారు జవాబు చెప్పేసినట్టున్నాడు, అదైనా సరైనది చెప్పాడా అంటే అదీ లేదు” అన్నాడు. పైన నీ స్కూలు పేరుంది. ఒక్కో కాగితమే తిప్పాను. మూడోది. మూడోది. మళ్ళీ మూడోది. నా తమ్ముడు నా గురించి ఏమనుకుంటున్నాడో ఇన్నేళ్ళ తర్వాత నాకు అలా తెలిసింది. రెండో తరగతి పిల్లల టిక్కుల్లోంచి. నీ ఉత్తరం మర్నాడు వచ్చింది.

ఒక్క కాగితంలో మాత్రం టిక్కు లేదు. నాలుగు గళ్ళూ ఖాళీ. పక్కన వంకర టింకర అక్షరాలతో రాసి ఉంది: ‘ఆ అక్కని అడగాలి.’

దానికి సున్నా వేశారు. ఆ పిల్ల ఎవరో నాకు చెప్పక్కర్లేదు.

పిల్ల అడిగింది కాబట్టి చెబుతున్నాను. ఇల్లంతా వెతికాను. బీరువా కూడా తీశాను. పై అరలు చూశాను కానీ, ముక్కలు కుక్కిన అరలో మనిషి పడతాడని తోచలేదు. వీధి చివరిదాకా పరిగెత్తాను, బస్టాపులో అడిగాను, ఇల్లిల్లూ తట్టాను. అమ్మ బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. వస్తే ఏం చెప్పాలి? దీపస్తంభం దగ్గర ఆ పిల్లలు ఆడుకుంటుంటే, మా తమ్ముణ్ణి చూశారా అని వెక్కుతూ అడిగాను. వాళ్ళల్లో ఒకతి తలెత్తి, “అదుగో, మీ కిటికీలో ఉన్నది ఎవరూ?” అంది.

చూశాను. నీ తల. అప్పుడు నవ్వాను.

మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కి వచ్చేసరికి నువ్వు దుప్పటి ముసుగు పెట్టి గోడ వైపు తిరిగి ఉన్నావు. నిద్రపోయావనుకుని లేపలేదు. బీరువాలో దాక్కున్నావని మర్నాడు అమ్మ చెబితేనే తెలిసింది. ఆ తర్వాతే నువ్వు నాతో ‘ఊ’, ‘ఆ’ల్లోకి దిగావు. పిల్లాడు పెద్దవాడవుతున్నాడు అనుకున్నాను.

పెద్దాయనకి అంతా చెప్పేశాను. ఆ మాస్టారు నా తమ్ముడు, ఆ కథ మా ఇంటిది, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదని రాసిచ్చాను. అన్ని స్కూళ్ళకీ ఆ ప్రశ్న తీసేస్తున్నారు. నీ మీద మాట పోయింది, మేడమ్‌కి కాగితం వస్తుంది. కథలు రాసే గదిలోంచి నన్ను తీసేశారు. ఇప్పుడు నిజంగానే కవర్లు అంటిస్తున్నాను. నీ మాట నిజం చేశాను చూడు.

అక్క

*

ఫిబ్రవరి 16

అక్కా,

కాగితం వచ్చింది. మేడమ్ నన్ను పిలిచి టీ ఇప్పించారు. క్లాసు నాకే ఉంచారు. ఆ ప్రశ్న పోయినా మిగతావాటిలో మా మార్కులు అంతంతమాత్రమే, అందుకని కథల పీరియడు తీసేశారు. ఇప్పుడు ఆఖరి గంటలో కూడా వాచీ నా మెడలోనే ఉంటోంది. పిల్లలు గోడ మీద రంగుల వైపు చూస్తూ చదువుతారు, నేను ముల్లు వైపు చూస్తూ వింటాను. ఇంటికొచ్చాక కూడా చెవిలో టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది.

నీ ఉత్తరం చదవడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఒక్కో వాక్యం దగ్గరా ఆగిపోయాను. నీ చేతిలోంచి ఆ పని పోయినందుకు ఏం రాయాలో తెలియడం లేదు. రాళ్ళు నయం అన్న మాట వెనక్కి తీసుకోవడం ఎలాగో కూడా తెలియడం లేదు.

కండక్టరు కూతురు స్కూలు వదిలాక వాళ్ళ నాన్న బస్సు వచ్చేదాకా మెట్ల మీద కూర్చుని ఉంటుంది. నిన్న నేను కూడా పక్కన కూర్చున్నాను. ఆ అక్క ఉత్తరం రాసిందమ్మా, నీ మాటకి జవాబు చెప్పింది అన్నాను. వాచీ తీసి జేబులో పెట్టుకుని, దీపస్తంభం దగ్గర్నుంచి ఆ ముక్క చదివి వినిపించాను. ఎంత నిదానంగా చదివానో, నన్ను కూడా ఎరుపులో వేసేస్తారు. ‘అప్పుడు నవ్వాను’ దగ్గర వేలు పెట్టుకుని ఆగిపోయాను. ఆ పిల్ల తొందరపెట్టలేదు. నేను మళ్ళీ మొదలుపెట్టేదాకా అలాగే కూర్చుంది.

అంతా విని, “చూశారా మాస్టారూ, అడిగితే చెప్పింది” అంది. సంచి భుజాన వేసుకుంటూ, “మరి మీరు ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదు?” అంది.

అంతలో బస్సొచ్చింది. వాళ్ళ నాన్న చెయ్యి ఊపాడు. ఆ పిల్ల ఎక్కేసి కిటికీలోంచి నా వైపే చూస్తూ వెళ్ళింది, నేనింకా జవాబు చెబుతానేమోనని.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు అక్కా. నువ్వు వచ్చి మంచం పక్కన నిలబడ్డావు. ఆయాసంతో నీ ఊపిరి వినబడుతూనే ఉంది. పరిగెత్తుకొచ్చావని తెలుస్తూనే ఉంది. కళ్ళు తెరవలేదు.

శనివారం స్కూలు అవగానే బస్సెక్కుతాను. సాయంత్రానికి మీ బస్టాపులో దిగుతాను. బీరువా నాకు ఇవ్వకు, అక్కడే ఉంచు, వచ్చినప్పుడు చూసుకుంటాను. వంట మామూలుగానే చెయ్యి, నువ్వు కూడా ఒక్కదానికి కొలిచి వండలేవని నాకు తెలుసు.

ఆ వేళకి కిటికీ దగ్గర నిలబడి ఉండు. కింద వీధిలో నేను తలెత్తి నవ్వుతూ కనబడితే, ఎందుకు నవ్వుతున్నానో నువ్వు అడగక్కర్లేదు.

నీ
నత్త